ముప్పై రూపాయలకు గట్టిమేళం: క్యాసినో చప్పుడు అసలు ఏం చేస్తుంది?

(తెర మీద: స్లాట్ మెషీన్ దగ్గరి షాట్. శబ్దం లేదు.)

క్యాసినో మాట ఎత్తితే చాలు, ఒకటే వినిపిస్తుంది: "చెవులు పగిలేలా పాటలు పెడతారు, బుర్ర పనిచెయ్యదు, ఉన్నదంతా పెట్టేస్తాం." దానికి తోడు గాలిలో ఆక్సిజన్ కలుపుతారనే మాట ఒకటి. ఆక్సిజన్ సంగతి పూర్తిగా పుకారు, దాన్ని ఇక్కడే వదిలేద్దాం. పాటల సంగతి మాత్రం సగం నిజం. ఆ సగం నిజమే జనాన్ని ముంచుతోంది. ఎందుకంటే "సౌండ్ ఎక్కువ, అంతేగా" అనుకున్న మనిషి, సౌండ్ తక్కువున్న చోట ధైర్యంగా కూర్చుంటాడు. మనం చూడాల్సింది చప్పుడు ఏ క్షణంలో మోగింది, ఏ క్షణంలో ఆగింది అన్నది.

పెళ్ళిలో గట్టిమేళం గుర్తు తెచ్చుకోండి. పంతులుగారు చెయ్యెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అంటారు. అప్పటిదాకా నెమ్మదిగా సాగుతున్న సన్నాయి, డోలు ఒక్కసారిగా ఊపందుకుంటాయి. ఫోన్ చూసుకుంటున్నవాళ్ళు కూడా తలెత్తి అక్షింతలు వేస్తారు. తాళి కట్టడం కంటికి కనపడకపోయినా, అయిపోయిందని చెవి చెప్పేస్తుంది. గట్టిమేళానికి ఇంకో పని కూడా ఉంది. ఆ క్షణంలో ఎవరైనా తుమ్మినా, కాని మాట అన్నా వినపడకుండా కప్పేస్తుంది. శుభాన్ని చాటడం, అశుభాన్ని కప్పడం. బటన్ నొక్కితే బొమ్మల చక్రాలు తిరిగే జూదం పెట్టె, అదే స్లాట్ మెషీన్, దాని చప్పుడు చేసేది సరిగ్గా ఈ రెండు పనులే.

(తెర మీద: మెషీన్ అడుగున మూడు గడులు. క్రెడిట్, బెట్, విన్.)

ఈ మూడు అంకెలూ చూడండి. క్రెడిట్ అంటే మీ దగ్గర మిగిలిన డబ్బు, బెట్ అంటే ఈ ఆటకు పెట్టింది, విన్ అంటే ఈ ఆటలో తిరిగొచ్చింది. ఒక లెక్క వేద్దాం. మెషీన్‌లో 20 లైన్లు (బొమ్మలు కలిస్తే డబ్బిచ్చే వరసలు) ఉన్నాయి, లైనుకు 5 రూపాయలు. ఒక్కసారి బటన్ నొక్కితే 100 పోతుంది. క్రెడిట్ 2,000 ఉన్నది 1,900 అయింది. చక్రాలు తిరిగి ఆగాయి. ఒక్క లైన్ కలిసింది, దానికి 30 వచ్చింది.

ఇప్పుడు ఏం జరుగుతుందో చూడండి. బొమ్మలు మెరుస్తాయి. విన్ గడిలో అంకె సున్నా నుంచి ఎక్కుతూ పోతుంది, ఒక్కో మెట్టుకు టింగుమంటూ. వెనక చిన్న పాట. చివర్లో 30 దగ్గర ఒక ముక్తాయింపు. క్రెడిట్ గడిలో ఎంతుంది? 1,930. అంటే 70 పోయింది. ముప్పై రూపాయలకు గట్టిమేళం వాయించారు, పోయిన డెబ్బై ఆ మేళంలో మునిగిపోయింది.

అదే ఒక్క లైన్ కూడా కలవకపోతే? చక్రాలు టక్, టక్, టక్ అని ఆగుతాయి, అంతే. ఏడుపు చప్పుడు లేదు, "పోయింది" అని చెప్పే గంట లేదు. చక్రాలు తిరిగేటప్పటి పాట టక్కున ఆగుతుంది, బటన్ మళ్ళీ వెలుగుతుంది. అప్పుడు మళ్ళీ పాట మోగించే ఆ బటనొక్కటే చేతికి అందుబాటులో ఉంటుంది, కాబట్టి చెయ్యి దాని మీదికే పోతుంది.

ఈ మోసం పాత మెషీన్లలో కుదిరేది కాదు. మూడు చక్రాలు, ఒకటే లైన్. వస్తే పెట్టినదానికంటే ఎక్కువ రావాలి, లేకపోతే సున్నా. అప్పట్లో చప్పుడు అంటే నాణేలు లోహపు పళ్ళెంలో పడే మోత. 1960ల్లో బాలీ కంపెనీ తెచ్చిన మనీ హనీ అనే మెషీన్ ఒకేసారి 500 నాణేలదాకా తనంతట తానే కుమ్మరించేది. తర్వాత నాణేలు పోయి కాగితం టికెట్లు వచ్చాయి. కాగితానికి మోత లేదు కదా, అందుకని నాణేలు పడే శబ్దాన్ని రికార్డు చేసి స్పీకర్లో వినిపించడం మొదలుపెట్టారు. ఇక్కడే అసలు మార్పు. నిజం నాణెం అబద్ధం చెప్పలేదు, ముప్పై పడితే ముప్పై మోతే వస్తుంది. స్పీకర్‌కి ఆ హద్దు లేదు.

కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ "గెలుపు వేషం వేసుకున్న ఓటమి" మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. 2010లో ప్రచురించిన ప్రయోగంలో ఆడేవాళ్ళ వేళ్ళకు చెమటను కొలిచే పరికరాలు పెట్టారు. ఒళ్ళు ఉత్సాహపడితే చర్మం మీద చెమ్మ పెరుగుతుంది, ఆ తేడా పరికరంలో తెలుస్తుంది. నిజంగా గెలిచినప్పుడు ఎంత స్పందన వచ్చిందో, వేషం వేసుకున్న ఓటమికీ దాదాపు అంతే వచ్చింది. ఒంటికి రెండూ ఒకటే.

తర్వాత ఒకే మనుషుల చేత శబ్దంతో ఒకసారి, శబ్దం లేకుండా ఒకసారి ఆడించి, "ఎన్నిసార్లు గెలిచారు?" అని అడిగారు. శబ్దం లేనప్పుడు నిజంగా గెలిచినదానికంటే 15 శాతం ఎక్కువ చెప్పారు. శబ్దం ఉన్నప్పుడు 24 శాతం ఎక్కువ చెప్పారు. ఆడినవాళ్ళలో చాలామంది శబ్దం ఉంటేనే బాగుందన్నారు కూడా. మేళం ఎన్నిసార్లు మోగితే అన్ని పెళ్ళిళ్ళు అయినట్టు లెక్క రాసుకుంది చెవి.

ఈ అంశంలో ఎక్కువమందికి తెలియాల్సిన ప్రయోగం ఇంకొకటుంది. ఆ ముప్పై రూపాయల లాంటి క్షణాల్లో సంబరం పాట తీసేసి, ఓడిపోయినట్టు తెలిపే శబ్దం పెట్టారు. మెషీన్ అదే, డబ్బు అదే, బొమ్మలూ అవే. ఆడేవాళ్ళు దాన్ని ఓటమిగా గుర్తుపట్టారు, గెలుపుల లెక్కా నిజానికి దగ్గరగా చెప్పారు. అంటే చప్పుడుతో కప్పిన నిజాన్ని చప్పుడుతోనే బయటపెట్టొచ్చు. ఇది కంపెనీలకు చేతకాని పని కాదు. ఒక శబ్దం ఫైలు మార్చడం.

(తెర మీద: వరసగా మెషీన్లు. శబ్దం నెమ్మదిగా పెరుగుతుంది.)

ఇప్పుడు హాలంతా చూద్దాం. వెయ్యి పెళ్ళిళ్ళు ఒకే మండపంలో జరుగుతున్నాయనుకోండి. ఎక్కడో ఒకచోట ఎప్పుడూ గట్టిమేళం మోగుతూనే ఉంటుంది. మేళం లేని పీటలు ఎన్నున్నాయో చెవికి తెలియదు. ఓడిపోయిన మెషీన్ మౌనంగా ఉంటుంది కాబట్టి, గదిలో వినపడేదంతా గెలుపే. కొత్తగా లోపలికొచ్చిన మనిషికి "ఇక్కడ అందరికీ తగులుతోంది" అనిపించేది అందుకే.

మరి వెయ్యి మేళాలు ఒకేసారి మోగితే గోల అవ్వాలి కదా? అవ్వకుండా చూస్తారు. చాలా మెషీన్ల శబ్దాలను పాశ్చాత్య సంగీతంలోని సి మేజర్ స్వరాల్లో కూరుస్తారు. మన లెక్కలో చెప్పాలంటే ఒకటో శ్రుతిలో శంకరాభరణం. అన్ని సన్నాయిలూ ఒకే శ్రుతిలో ఉంటే, వేరువేరు పాటలు వాయించినా చెవికి గీరుకోదు. గంటలకొద్దీ కూర్చోబెట్టేది ఈ అమరిక. మరీ పెద్ద శబ్దమైతే జనం అలసిపోతారు, లేచి పోతారు. క్యాసినోకి కావాల్సింది అది కాదు.

ఇక పాటల సంగతి. ఇక్కడ తేల్చాల్సింది వేగం. 2007లో 60 మందితో కంప్యూటర్‌లో రూలెట్ (తిరిగే చక్రంలో గోళీ ఎక్కడ ఆగుతుందో పందెం కాసే ఆట) ఆడించిన ప్రయోగంలో, వేగమైన సంగీతం విన్నవాళ్ళు పందేలు త్వరత్వరగా కాశారు. పందెం సొమ్ము మాత్రం పెరగలేదు. ఇది విని "అయితే నష్టమేముంది" అంటారు కొందరు. నష్టం ఎక్కడుందో లెక్కలో చూడండి. ఒక్కో ఆటకు 100 రూపాయలు, మెషీన్ సగటున 8 శాతం ఉంచుకుంటుందనుకుందాం. ఆరు సెకన్లకో ఆట అయితే గంటకు 600 ఆటలు, సగటున 4,800 పోతుంది. నాలుగు సెకన్లకో ఆట అయితే 900 ఆటలు, 7,200. పందెం రూపాయి కూడా పెంచలేదు, గంటకు 2,400 ఎక్కువ పోయింది.

టైమ్ అయిపోతోంది, మిగిలినవి గబగబా చెప్పేస్తాను.

చట్టం. బ్రిటన్‌లో జూద నియంత్రణ సంస్థ 2021 అక్టోబర్ 31 నుంచి ఆన్‌లైన్ స్లాట్లలో, వచ్చింది పెట్టినదానికి సమానంగానో తక్కువగానో ఉంటే గెలుపు శబ్దాలు, గెలుపు బొమ్మలు పెట్టకూడదని నియమం తెచ్చింది. ఒక ఆటకు కనీసం 2.5 సెకన్లు పట్టాలని కూడా. మంచి నియమం, ఆలస్యంగా వచ్చిన నియమం.

మన దగ్గర. తెలుగువాళ్ళు ఎక్కువగా చూసేది గోవా. అక్కడ చట్టం ప్రకారం టేబుల్ ఆటలు నీటి మీది ఓడల్లోనే, ఎలక్ట్రానిక్ మెషీన్లకు ఐదు నక్షత్రాల హోటళ్ళలోనూ అనుమతి ఉంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 చట్టం దేశమంతటా నిషేధించింది. కానీ ఫోన్లో ఉచిత నాణేలతో ఆడే స్లాట్ ఆటల్లో ఇదే శబ్దం అమరిక ఉంటుంది. పిల్లల చేతికి ఇచ్చేముందు ఒక్కసారి వినండి.

అక్కడ పనిచేసేవాళ్ళు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ప్రకారం 85 డెసిబెల్స్ (శబ్దం కొలత) చప్పుడులో రోజుకు ఎనిమిది గంటలే చెవికి హద్దు. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సమయం సగమవుతుంది. 88 దగ్గర నాలుగు గంటలు, 91 దగ్గర రెండు. మీటర్ లేకపోతే, చేతికందే దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తోందా చూడండి. వస్తే ఆ 85 దాటి ఉండొచ్చు. కస్టమర్ లేచి బయటికి పోగలడు, షిఫ్టులో ఉన్న డీలర్ పోలేడు.

చివరిగా, మెషీన్ ముందు కూర్చునే పరిస్థితే వస్తే: వాల్యూమ్ గుర్తు ఉంటే తగ్గించండి. విన్ గడిని అరచేత్తో కప్పేయండి. మొదలుపెట్టినప్పటి క్రెడిట్ ఒక కాగితం మీద రాసుకుని, పది ఆటలకొకసారి పక్కన ఇప్పటి క్రెడిట్ రాయండి. 2,000, 1,640, 1,390. ఆ కాగితానికి మేళం ఉండదు.