హోస్టింగ్ వాళ్ళ సర్టిఫికెట్ మనకు చాలదా?

(నెల్లూరు స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: ఉదయగిరి చెక్క గరిటెలు ఆన్‌లైన్‌లో అమ్మే వ్యాపారి, సర్వర్ల నిర్వహణ చూసే ఇంజనీరు, కార్డు భద్రత ఆడిటర్.)

యాంకర్: నమస్కారం. సైటు పెట్టుకుని అమ్ముకునేవాళ్ళను బ్యాంకులు 'పీసీఐ కంప్లయన్స్ పంపండి', అంటే కార్డు భద్రత నియమాలు పాటిస్తున్నట్టు రుజువు పంపండి, అని అడుగుతున్నాయి. అన్నా, మీకూ ఆ మెయిల్ వచ్చిందంట కదా?

వ్యాపారి: వచ్చింది. మావి గరిటెలు, ఫోర్కులు. అమెరికాలో ఉండే మనోళ్ళు కార్డుతో కొంటారు. మెయిల్ చూసి, మా సైటుకు సర్వరు అద్దెకిచ్చే హోస్టింగ్ వాళ్ళకు ఫోన్ చేస్తే 'మా డేటా సెంటర్‌కు సర్టిఫికెట్ ఉంది సార్, మీకేం భయం లేదు' అన్నారు. దాన్నే బ్యాంకుకు పంపించినా. ఒప్పుకోలా.

ఆడిటర్: ఒప్పుకోరు. ఆ కాగితం వాళ్ళ గదులకు, తాళాలకు, కెమెరాలకు, నెట్‌వర్కుకు. దానిమీద మీరు ఎక్కించిన సైటుకు కాదు. వాళ్ళను అడగాల్సింది ఇంకోటుంది. ఏ నిబంధన వాళ్ళ బాధ్యత, ఏది మీది, ఏది ఇద్దరిదీ అని రాసిన పట్టిక. అడిగితే ఇవ్వాలని పీసీఐ స్టాండర్డ్‌లోనే ఉంది. అడిగేవాళ్ళే తక్కువ.

యాంకర్: అసలీ స్టాండర్డ్ ఎవరు పెట్టింది మేడం? ప్రభుత్వమా?

ఆడిటర్: కాదండీ. మొదటి వెర్షన్ 2004 డిసెంబరులో వచ్చింది. 2006లో వీసా, మాస్టర్‌కార్డ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్, డిస్కవర్, జేసీబీ కలిసి ఒక కౌన్సిల్ పెట్టుకుని దానికి అప్పగించాయి. 4.0.1 వెర్షన్ 2024లో వచ్చింది. ఇది చట్టం కాదు, మీరు బ్యాంకుతో చేసుకున్న ఒప్పందంలో భాగం. మన దగ్గర దీనికి తోడు రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. 2022 అక్టోబరు 1 నుంచి ఇక్కడి కార్డుల నంబర్లను కార్డిచ్చిన బ్యాంకు, కార్డు నెట్‌వర్కు తప్ప ఎవరూ దాచుకోకూడదు. వ్యాపారి దగ్గర ఉండాల్సింది టోకెనే, అంటే కార్డు నంబరుకు బదులుగా ఇచ్చే కోడే.

వ్యాపారి: మేం దాచం మేడం. కార్డు డబ్బు వసూలు చేసిపెట్టే గేట్‌వే వాళ్ళ పేజీకి పోయి కడతారు. కానీ ఒకటి అడగాల. కొంతమంది పెద్దోళ్ళు సైట్లో కట్టడం చేతగాక కార్డు ముందూ వెనకా ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు. 'నువ్వే కొట్టుకో అబ్బయా' అంటారు.

ఆడిటర్: (నవ్వుతూ) ఇది మీ ఒక్కరికే కాదులెండి. కార్డు వెనక ఉండే సీవీవీని, డబ్బు పడ్డాక, ఎన్‌క్రిప్ట్ చేసి కూడా ఉంచుకోకూడదు. వాట్సాప్‌లో వచ్చిందంటే మీ ఫోను గ్యాలరీలో ఉన్నట్టే, బ్యాకప్‌లో ఉన్నట్టే, దుకాణం కంప్యూటర్లో వాట్సాప్ వెబ్ తెరిచుంటే అక్కడ కూర్చున్న కుర్రాడి ముందు ఉన్నట్టే. ఆ ఫొటో అన్ని చోట్లా తీసేసి, గేట్‌వే నుంచి పేమెంటు లింకు పంపండి. నంబరు వాళ్ళే కొట్టాలి.

వ్యాపారి: లింకంటే మోసమేమో అని భయపడతారే.

ఆడిటర్: ఫోన్ చేసి, లైన్లో ఉండగానే పంపండి.

యాంకర్: కట్టేది గేట్‌వే పేజీలో అయినప్పుడు మన సర్వర్‌తో పనేముంది?

ఇంజనీరు: ఆ పేజీకి పంపే బటన్ మన సర్వర్ మీదే ఉంది కదా. ఎవడైనా దూరి ఆ దారి మార్చి, అచ్చం అట్లాంటి పేజీకే పంపితే కొనేవాళ్ళకు ఏం తెలుస్తుంది? 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ సైటు పేజీలో నడిచే జావాస్క్రిప్టు కోడ్‌లో దొంగలు 22 లైన్లు కలిపారంతే. జనం కొట్టిన కార్డు వివరాలు కంపెనీకీ పోయాయి, దొంగలకూ పోయాయి. 2020లో 2 కోట్ల పౌండ్ల జరిమానా పడింది. అందుకే 4వ వెర్షన్‌లో, గేట్‌వేకు పంపించేసే చిన్న వ్యాపారులు నింపే ఎస్ఏక్యూ-ఏ అనే స్వీయ పరిశీలన ఫారంలో కూడా 3 నెలలకోసారి బయటి స్కాన్, అంటే ఇంటర్నెట్ వైపు నుంచి సర్వర్లో లోపాలు వెతకడం, పెట్టారు. కౌన్సిల్ ఆమోదించిన సంస్థే చేయాలి. తీవ్రత 10కి 4, ఆపైన ఉన్న లోపం ఒక్కటి దొరికినా ఫెయిల్.

వ్యాపారి: నాది ఫెయిలే. రిపోర్టంతా ఎరుపు. ఏందో అర్థంగాక ఈయన చేతిలో పెట్టినా.

ఇంజనీరు: మొదటి పేజీలోనే పోర్టు 3306, అంటే మైఎస్‌క్యూఎల్ డేటాబేసుకు పోయే ద్వారం, బయటికి తెరిచుంది. డేటాబేసు ఇంటర్నెట్‌కు తెరిచుంటే ఇక మార్కులు చూడరు, నేరుగా ఫెయిల్. పోర్టు 21లో ఫైళ్ళు పంపే ఎఫ్‌టీపీ, దాంట్లో పాస్‌వర్డు దాపరికం లేకుండా పోతుంది. సైటుకు వచ్చీపోయే సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతిలో పాత వెర్షన్, టీఎల్ఎస్ 1.0, కూడా నడుస్తోంది. దాన్ని 2018 జూన్ 30 కల్లా ఆపేయమన్నారు. ఇవన్నీ నిజమైన తప్పులే. కానీ అది షేర్డ్ హోస్టింగ్. ఒకే ఐపీ, అంటే ఒకే ఇంటర్నెట్ చిరునామా, మీద ఎన్నో సైట్లు, ఎవరి అవసరానికో తెరిచిన పోర్టును మనం మూయించలేం. మనకే వేరుగా ఉండే చిన్న వీపీఎస్ సర్వర్‌కు మార్చాం. సగం ఎరుపు దాంతోనే పోయింది.

యాంకర్: మిగతా సగం?

ఇంజనీరు: అసలు తలనొప్పి అదే. దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ కావడానికి వాడే ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ 8.0 పాతది, అందులో ఇన్ని లోపాలు అని స్కానర్ రాసింది. కొత్త సర్వర్‌లో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఆల్మాలైనక్స్ 8. దాంట్లో ఆ నంబరు అట్లాగే ఉంటుంది. లోపం బయటపడితే దాన్ని సరిచేసే ఆ ఒక్క ప్యాచ్ తెచ్చి పాత వెర్షన్‌లోనే కలుపుతారు, బ్యాక్‌పోర్టింగ్ అంటాం. స్కానర్ నంబరు చూస్తుంది, ఎర్రగీత కొడుతుంది. చాలామంది ఇక్కడ కంగారుపడి మూల కోడ్ నుంచి కొత్త ఎస్ఎస్‌హెచ్‌ను తామే తయారుచేసి పెడతారు. స్కాన్ పాసవుతుంది. కానీ అప్పట్నుంచి మామూలు అప్‌డేట్లు దానికి అందవు, కొన్నాళ్ళకు నిజంగానే పాతబడి కూర్చుంటుంది. స్కానర్ కోసం సర్వర్‌ను చెడగొట్టుకోవడం ఇది.

వ్యాపారి: మనం ఏదో కాగితం పంపినాం కదా?

ఇంజనీరు: అవును. రిపోర్టులోని ఒక్కో సీవీఈ నంబరునూ, అంటే లోపానికిచ్చే గుర్తింపు నంబరును, ప్యాకేజీ ఛేంజ్‌లాగ్ అనే మార్పుల జాబితాలో వెతికితే ఎప్పుడు సరిచేశారో కనపడుతుంది. ఆ లైను, సర్వర్‌లో ఉన్న ప్యాకేజీ పూర్తి వెర్షన్ కలిపి స్కాన్ సంస్థకు అభ్యంతరంగా పంపాం. వాళ్ళు సరిచూసుకుని ఆ లోపాలు కొట్టేశారు. ఎస్ఎస్‌హెచ్‌ను మన ఆఫీసు ఐపీకి తప్ప అందరికీ మూసేయడం కూడా మంచి పద్ధతే. స్కానర్ వచ్చినప్పుడు మాత్రం అడ్డుపెట్టి, పోయాక తెరిస్తే అది దొంగాట.

ఆడిటర్: ఒక్కమాట కలుపుతా. కొందరికి గేట్‌వే ఫారం వాళ్ళ సొంత పేజీలోనే ఐఫ్రేములో, అంటే పేజీలోపలి చిన్న కిటికీలో, తెరుచుకుంటుంది. వాళ్ళయితే తమ సైటు స్క్రిప్టు దాడులకు లొంగదని ధ్రువీకరించాలి. చాట్ బొమ్మ, ప్రకటనల పిక్సెల్, పండగ ఆఫర్ పాపప్... ఇవన్నీ స్క్రిప్టులే, డబ్బు కట్టే పేజీలో ఎందుకు?

యాంకర్: కందుకూరు నుంచి ఒక కాల్ ఉంది. చెప్పండి సార్.

కాలర్: నమస్తే అండీ, మాది స్వీట్ల షాపు. సైటు చేసిన అబ్బాయి బెంగళూరు వెళ్ళిపోయాడు. సైటు నడిచే పీహెచ్‌పీ భాష వెర్షన్ 7.4 అని చూపిస్తోంది. దాన్ని ముట్టుకుంటే సైటు ఆగిపోతుందంటున్నారు.

ఇంజనీరు: 7.4కు 2022 నవంబరు 28తోనే ప్యాచ్‌లు ఆగిపోయాయి సార్. తీవ్రమైన ప్యాచ్ వచ్చిన నెలలోపు వేయాలన్నది నిబంధన, మీకు రావడమే లేదు. సైటుకు కాపీ తీసి, దాని మీద కొత్త పీహెచ్‌పీ పెట్టి చూడండి. ఏ ప్లగిన్ విరుగుతుందో అక్కడే తెలుస్తుంది. అంతకన్నా ముందు, ఆ అబ్బాయి అడ్మిన్ లాగిన్ ఇంకా ఉందా?

కాలర్: ఉంది. తీసేయమంటారా?

ఇంజనీరు: తీసేయాల్సిందే. డొమైన్, అంటే సైటు అడ్రసు, ఎవరి పేరు మీదుంది?

కాలర్: ...ఆ అబ్బాయి పేరు మీదే.

ఇంజనీరు: అయితే ఆగండి. ముందు డొమైన్ మీ పేరుకు మార్పించుకోండి, లాగిన్ సంగతి ఆ తర్వాత.