మా అక్క ఇంట్లో 3 వారాలు: వెబ్ ఫిల్టర్ ఆపకూడనివి ఎందుకు ఆపింది? | పూర్తి రివ్యూ

నమస్కారం అండీ. ఈరోజు నేను రివ్యూ చేస్తున్నది ఫోనూ కాదు, ల్యాప్‌టాపూ కాదు. ఇంట్లో వైఫైకి పెట్టుకునే వెబ్ ఫిల్టర్. పిల్లలు చూడకూడని సైట్లు తెరుచుకోకుండా చూస్తామని చెప్పి అమ్మే సాఫ్ట్‌వేర్. నల్లకుంటలో మా అక్క వాళ్ల ఇంట్లో దీన్ని నేనే పెట్టాను. 3 వారాలు వాడాం. డబ్బు కట్టింది మా బావగారు, ఏడాది ప్లాన్ తీసుకున్నారు. ఈ వీడియోకి ఎవరూ డబ్బులివ్వలేదు.

ముందు అక్కడ జరిగింది చెప్తాను. మా మేనకోడలిని అడిగి, తను సరేనన్నాకే చెప్తున్నాను.

తను ఇంటర్ సెకండియర్, బైపీసీ. తమ్ముడు ఏడో తరగతి. నిజానికి ఫిల్టర్ కావాలనుకున్నది వాడి కోసం. పెట్టిన నాలుగో రోజు సాయంత్రం బావగారి ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. ఫలానా ఫోన్ నుంచి అడల్ట్ సైట్ తెరవబోయారు, మేం ఆపేశాం అని. పక్కన ఎర్ర గుర్తు. ఆ ఫోన్ అమ్మాయిది.

బావగారు కేకలు వేసే మనిషి కాదు. ఇంటికి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా భోజనం చేసి లేచారట. పిల్ల అన్నం ముందు కూర్చుని ఏడ్చిందట. రాత్రి పదింటికి అక్క ఫోన్ చేసింది. "ఒకసారి వచ్చి అదేంటో చూడరా, నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు" అంది.

వెళ్లి లాగ్, అంటే ఫిల్టర్ ఆపినవన్నీ రాసుకునే చిట్టా తెరిచాను. అది ఏం సైటో తెలుసా? నెలసరి సరిగా రాకపోతే ఏం చేయాలి, పీసీఓడీ అంటే ఏంటి, ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి అని తెలుగులో వివరంగా రాసిన పేజీ. ఒక గైనకాలజిస్టు నడిపే చిన్న సైట్. ఆ పిల్ల రెండు నెలల నుంచి ఇబ్బంది పడుతోంది. ఇంట్లో చెప్పడానికి మొహమాటపడి, ముందు చదివి తెలుసుకుందాం అనుకుంది. నేను గదిలోకి అడుగు పెట్టగానే తను అన్న మొదటి మాట, "మామయ్యా, నేను ఏ తప్పూ చేయలేదు."

ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేర్ పెట్టింది నేను. అందుకే మిగతా రోజులన్నీ నోట్‌బుక్ పెట్టుకుని, ఇది దేన్ని ఆపుతోంది, ఎందుకు ఆపుతోంది అని రాసుకుంటూ కూర్చున్నాను.

ఈ ప్రొడక్ట్ పేరు నేను చెప్పను. కారణం ఉంది, ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది.

అసలు ఫిల్టర్ పని చేసే పద్ధతి ఏంటంటే, ముఖ్యంగా రెండు దారులున్నాయి. మొదటిది పదాలు వెతకడం. సెర్చ్‌లో గానీ, సైట్ పేరులో గానీ ఫలానా మాట ఉంటే ఆపేయి అని. ఇది చాలా పాత పద్ధతి, దీని తప్పులూ అంతే పాతవి. 1996లో ఇంగ్లండ్‌లో స్కన్‌థార్ప్ అనే ఊరివాళ్లు ఏఓఎల్ అనే ఇంటర్నెట్ సర్వీసులో అకౌంట్ తెరవలేకపోయారు. ఇంగ్లీషులో ఆ ఊరి పేరు మధ్యలో ఒక బూతు మాటకి సరిపోయే అక్షరాలు వరసగా పడ్డాయి, అంతే. ఈ రకం పొరపాటుకి ఇప్పటికీ ఆ ఊరి పేరే ఉండిపోయింది, స్కన్‌థార్ప్ ప్రాబ్లం అంటారు.

అది ఎక్కడో ఇంగ్లండ్ సంగతి అనుకోకండి. గిద్దలూరు దగ్గర కంభం ఉంది కదా, పెద్ద చెరువున్న ఊరు. రైల్వే స్టేషన్ బోర్డు మీద ఇంగ్లీషులో ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. సీ, యూ, ఎమ్, తర్వాత బీ, యూ, ఎమ్. మొదటి మూడు అక్షరాలు విడిగా ఒక అసభ్య పదం, చివరి మూడు విడిగా ఇంకోటి. హర్షిత అని ఇంగ్లీషులో రాయండి. మన ఊళ్లో ప్రతి క్లాసులో ఒక హర్షిత ఉంటుంది. ఆ పేరు మధ్యలో నాలుగక్షరాల తిట్టు కనిపిస్తుంది యంత్రానికి. దీక్షితులు గారి ఇంటిపేరుకీ అదే గతి. మన పేర్లని ఇంగ్లీషు బూతుల జాబితాతో జల్లెడ పట్టడం ఇది. జాగ్రత్తగా తయారుచేసిన ఫిల్టర్లు ఇప్పుడు ముక్కలు చూడవు, పూర్తి పదం చూస్తాయి. కానీ నేను పెట్టిన దాంట్లో సెర్చ్ పదాలు ఆపే సెట్టింగ్ ఆన్ చేస్తే, మా మేనకోడలు తన క్లాస్‌మేట్ హర్షిత పేరుతో వెతికినప్పుడు ఖాళీ పేజీ వచ్చింది. ఆ సెట్టింగ్ ఆ రోజే తీసేశాను. మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే మీరూ తీసేయండి, దానివల్ల లాభం లేదు.

రెండో దారి కేటగిరీలు. ఇప్పుడు ఎక్కువగా నడిచేది ఇదే. ప్రపంచంలో ఉన్న సైట్లకి వీలైనంతవరకు ముందే ఒక్కో ముద్ర వేసి పెడతారు. ఇది వార్తలు, ఇది షాపింగ్, ఇది జూదం, ఇది అశ్లీలం అని. మనం ఫలానా కేటగిరీ వద్దు అని టిక్ పెడితే, ఆ ముద్ర ఉన్నవన్నీ ఆగిపోతాయి. ముద్ర వేసేది చాలావరకు ప్రోగ్రామే, మనిషి కాదు. శరీరం గురించిన మాటలు ఎక్కువ కనిపిస్తే అశ్లీలం అనుకోవడం ప్రోగ్రామ్‌కి తేలిక. రొమ్ము క్యాన్సర్ సమాచారం ఇచ్చే పేజీలు, సెక్స్ ఎడ్యుకేషన్ పేజీలు ఏళ్ల తరబడి ఇలా ఆగిపోతూ వచ్చాయి.

ఇంకో విషయం. ఫిల్టర్లు అమ్మే కంపెనీలు ఆ ముద్రల జాబితాని చాలాసార్లు వేరే సంస్థల దగ్గర కొనుక్కుంటాయి. అంటే జాబితాలో పడిన తప్పు ఒక్క ప్రొడక్ట్‌లో ఉండిపోదు. దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది. 2020 ఏప్రిల్ 1న క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ కంపెనీ కుటుంబాల కోసం ఒక ఉచిత ఫిల్టర్ విడుదల చేసింది, దాని అడ్రస్ 1.1.1.3. వచ్చిన వెంటనే అది ఎల్‌జీబీటీ వాళ్లకి సంబంధించిన మామూలు సైట్లని కూడా ఆపేసింది. బయట నుంచి తెచ్చుకున్న డేటాలో తప్పు కేటగిరీ ఎంచుకున్నాం అని కంపెనీయే ఒప్పుకుంది, క్షమాపణ చెప్పింది, సరిచేసింది. దాచకుండా చెప్పారు కాబట్టి నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది. నేను పేరు చెప్పనన్నది ఇందుకే. పేరు చెప్తే మీరు అది మానేసి ఇంకోటి కొంటారు, అందులోనూ ఇదే జాబితా ఉండొచ్చు.

ఇప్పుడు నా నోట్‌బుక్. ఆపాల్సినవి ఆపడంలో దీనికి వంక పెట్టను. అశ్లీల సైట్లు, బెట్టింగ్ సైట్లు నేను కావాలని ప్రయత్నించినవన్నీ ఆగిపోయాయి. బెట్టింగ్ యాప్‌ల వల్ల మన దగ్గర ఎన్ని ఇళ్లు అప్పులపాలయ్యాయో చూస్తూనే ఉన్నాం, ఆ ఒక్క కారణానికైనా ఫిల్టర్ కావాలనుకునే తల్లిదండ్రుల్ని నేను తప్పు పట్టను.

ఆగకూడనివి చెప్తాను. జువాలజీలో మానవ ప్రత్యుత్పత్తి పాఠం ఉంది, నీట్ సిలబస్‌లోనూ ఉంది. దాని బొమ్మలున్న ఒక నోట్స్ సైట్ ఆగింది. ఆర్కైవ్ డాట్ ఆర్గ్ ఆగింది. పాత తెలుగు పుస్తకాల స్కాన్లు చదివేవాళ్లకి దాని విలువ తెలుసు. దాని మీద ఉన్న ముద్ర ఏంటంటే, ప్రాక్సీ. అంటే ఆ సైట్ ద్వారా వేరే సైట్ల పాత కాపీలు చూడొచ్చు కాబట్టి దొడ్డిదారి అన్నమాట. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో సైట్ అడ్రస్ పెట్టి చదివే పద్ధతికీ ఇదే ముద్ర. ఇంగ్లీషు అంతగా రాని మా అక్క వంటల సైట్లు, మందుల వివరాలు ట్రాన్స్‌లేట్ చేసుకునే చదువుతుంది. ఆవిడకి అది దొడ్డిదారి కాదండీ, అదే దారి.

ఇక నా నోట్‌బుక్‌లో ఎక్కువ పేజీలు నింపినవి చిన్న తెలుగు సైట్లు. వీటికి చెడ్డ ముద్ర కూడా లేదు, అసలు ఏ ముద్రా లేదు. అన్‌కేటగరైజ్డ్ అంటారు. ఎవరూ చూడని సైట్ కాబట్టి అనుమానించి ఆపేస్తుంది. ఇంగ్లీషులో ఉన్న పెద్ద సైట్‌కి త్వరగానే ముద్ర పడుతుంది. కొత్తపేటలో కూర్చుని తెలుగులో రాసుకునే మనిషి సైట్‌ని ఎవరు చూస్తారు, ఎప్పుడు చూస్తారు?

కొత్తపేట అని ఊరికే అనలేదు. అక్కడ నా స్నేహితుడి కుటుంబం ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతారు. ఈ ఏడాదే సొంత వెబ్‌సైట్ చేయించుకున్నారు. ఆర్డర్లు ఎక్కువగా మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల నుంచి రావాలి, వాళ్లకేమో లంచ్ టైంలో ఆఫీస్ వైఫైలో సైట్ తెరుచుకోదు. కారణం, చాలా ఆఫీస్ ఫిల్టర్లు కొత్తగా రిజిస్టర్ అయిన డొమైన్లని, అంటే వెబ్‌సైట్ పేర్లని, నెల రోజుల పాటు అనుమానంగా చూస్తాయి. మోసగాళ్లు రోజూ కొత్త డొమైన్లు కొని వాడి పారేస్తారు కాబట్టి ఆ జాగ్రత్తలో అర్థం ఉంది. కానీ ఆవకాయ సీజన్‌లో నెల రోజులు అంటే వాళ్లకి ఏడాది వ్యాపారం. ఎవరూ వాళ్లకి చెప్పలేదు కూడా. సైట్ బాగాలేదేమో, రేట్లు ఎక్కువేమో అని వాళ్లలో వాళ్లే మథనపడ్డారు.

ఒక్క పేజీ బాగాలేకపోతే సైట్ మొత్తం ఎందుకు ఆగిపోతుంది అని చాలామంది అడుగుతారు. వైఫైకి పెట్టే ఫిల్టర్లు ఎక్కువగా డీఎన్‌ఎస్ దగ్గర పనిచేస్తాయి. డీఎన్‌ఎస్ అంటే ఇంటర్నెట్‌కి టెలిఫోన్ డైరెక్టరీ లాంటిది. దానికి మీరు ఏ ఇంటికి వెళ్తున్నారో తెలుస్తుంది, ఏ గదిలోకి వెళ్తున్నారో తెలియదు. అందుకని తలుపు మొత్తం మూసేస్తుంది. ఐపీ అడ్రస్, అంటే సైట్ ఉండే కంప్యూటర్ నంబర్ పట్టుకుని ఆపితే ఇంకా ఘోరం, ఒకే అడ్రస్ మీద వేల సైట్లు అద్దెకుంటాయి. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో పిల్లలపై అకృత్యాల సైట్లు 400 లోపు ఆపబోయి, ఏ సంబంధమూ లేని సైట్లు 10 లక్షలకు పైగా ఆపేశారు. 2004లో కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ఆపాలనుకున్నవి నిజంగా దుర్మార్గమైనవే, అందులో ఎవరికీ సందేహం లేదు. అయినా మధ్యలో పోయినవాళ్లు అంతమంది.

సరే, మీరు ఏం చేయాలి? నేను అక్క ఇంట్లో చేసింది చెప్తాను. మొదట అలర్ట్‌లు ఆపేశాను. ఇది అన్నిటికంటే ముఖ్యం. సైట్ ఆగితే ఆగనివ్వండి, కానీ మీ పిల్ల తప్పు చేసిందని ఒక యంత్రం మీ ఫోన్‌కి చాడీలు చెప్పకూడదు. బావగారికి లాగ్ మొత్తం చూపించాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి వెళ్లి కూతురి పక్కన కూర్చున్నారు. మర్నాడు అక్క పిల్లని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది.

తర్వాత కేటగిరీలు తగ్గించాను. అశ్లీలం, జూదం, వైరస్‌లు పంపే సైట్లు, ఈ మూడే ఉంచాను. అన్‌కేటగరైజ్డ్, ప్రాక్సీ, బ్లాగులు అన్నీ తీసేశాను. కంపెనీ వాళ్లు డీఫాల్ట్‌గా ఇరవై టిక్‌లు పెట్టి ఇస్తారు, ఎక్కువ ఆపితే ఎక్కువ భద్రత అని చూపించడానికి. నమ్మకండి.

కొనే ముందు రెండు ప్రశ్నలు అడగండి. ఆగిన పేజీ మీద ఎందుకు ఆగిందో కారణం కనిపిస్తుందా? తప్పుగా ఆగితే మీరే, అప్పటికప్పుడు, అలౌ లిస్ట్‌లో, అంటే వీటిని ఆపొద్దు అని చెప్పే జాబితాలో పెట్టుకోగలరా? మా దాంట్లో అలౌ లిస్ట్ ఉంది గానీ ఐదు మెనూల లోపల దాచారు. ఉచితంగా కావాలంటే, ఇందాక చెప్పిన 1.1.1.3 రూటర్‌లో పెట్టుకోవచ్చు, పెట్టడం రెండు నిమిషాల పని. కానీ అందులో మీ సొంత అలౌ లిస్ట్ ఉండదు. ఓపెన్‌డీఎన్‌ఎస్ అనే ఇంకో ఫిల్టర్‌లో ఉచిత హోమ్ అకౌంట్ తెరిస్తే మీ లిస్ట్ మీరే రాసుకోవచ్చు. ఒకటి గుర్తుంచుకోండి, ఇవి వైఫై మీదే పనిచేస్తాయి. పిల్లాడు మొబైల్ డేటా ఆన్ చేస్తే ఏదీ ఆగదు.

మీకే సైట్ ఉంటే, సైట్లకి ముద్రలు వేసే సిస్కో టాలోస్, ఫోర్టీగార్డ్, పాలో ఆల్టో, ఈ మూడింటికీ సైట్ కేటగిరీ చూసుకునే పేజీలున్నాయి. మీ అడ్రస్ కొట్టి, ఏ ముద్ర ఉందో చూడండి. తప్పయితే మార్చమని అక్కడే అడగొచ్చు. నా స్నేహితుడి పచ్చళ్ల సైట్‌కి అలాగే షాపింగ్ అని మార్పించాం. ఇప్పుడు మాదాపూర్ ఆఫీసుల నుంచి ఆర్డర్లు వస్తున్నాయి.

ఈ ప్రొడక్ట్‌కి నా రేటింగ్ 5కి 2. ఆ రెండూ బెట్టింగ్ సైట్లు ఆపినందుకు. మిగతా మూడు ఎందుకు తీసేశానంటే, ఆ గైనకాలజిస్టు సైట్ ముద్ర మార్చమని నేను కంపెనీకి మూడుసార్లు రాశాను. మొదటి రెండింటికీ ఆటోమేటిక్ జవాబు వచ్చింది, మూడోదానికి అదీ రాలేదు. ఈ వీడియో రికార్డ్ చేసే ముందు మళ్లీ చెక్ చేశాను. ఆ పేజీ ఇంకా అడల్ట్ అనే ఉంది. మా ఇంట్లో అలౌ లిస్ట్‌లో పెట్టాం కాబట్టి మా పిల్లకి తెరుచుకుంటోంది. ఇదే ఫిల్టర్ పెట్టుకున్న వేరే ఇళ్లలో ఇంకా తెరుచుకోదు. నాలుగోసారి రాస్తున్నాను, జవాబు వచ్చిన రోజు మీకు చెప్తాను.