జవాన్‌కు పొలం, కుర్రాళ్లకు సేద్యం: మాటలేనా?

(స్టూడియో చర్చకు అక్షర రూపం. ఒకరి మాట మీద ఇంకొకరు పడినచోట వినిపించినంత మటుకే రాశాం. అలాంటి చోట్లు చాలానే ఉన్నాయి.)

యాంకర్: నమస్కారం. 2022 జూన్‌లో, కుర్రాళ్లను నాలుగేళ్లకే సైన్యంలోకి తీసుకునే అగ్నిపథ్ ప్రకటించగానే సికింద్రాబాద్ స్టేషన్లో రైళ్లు తగలబడ్డాయి, గుర్తుంది కదా. ఆ పథకం మొదటి బ్యాచ్‌కు నాలుగేళ్లు నిండే రోజులొచ్చాయి. నూటికి పాతిక మందికి మించి ఉంచుకోరు. మిగతా కుర్రాళ్లకు భూమి ఇచ్చి సేద్యంలో పెట్టండి అని కొందరంటున్నారు. మాజీ సైనికులకు ఇచ్చిన భూములే ప్లాట్లయ్యాయి, మళ్లీనా అని ఇంకొందరు. సుబేదార్ గారూ, సూటిగా అడుగుతున్నా. మీవాళ్లు భూములు అమ్ముకున్నారా, లేదా?

మాజీ సుబేదార్ (గిద్దలూరు ప్రాంతం): అమ్ముకున్నారా అని అడిగే ముందు ఏమిచ్చారో అడగండి సార్! మాగాణి అయితే రెండున్నర, మెట్ట అయితే ఐదెకరాలు. కాగితం మీద బాగానే ఉంది. నాకు చూపించింది కొండ వాలు. తుమ్మ చెట్లు, పలుగురాళ్లు. బోరు వేస్తే తెల్లటి దుమ్ము లేచింది. సగం పీఎఫ్ డబ్బు ఆ బోరులోనే పోసా.

యాంకర్: అంటే అమ్మేశారు.

సుబేదార్: నేను అమ్మలేదు! అమ్మినవాడి గురించి కూడా...

రిటైర్డ్ తహసీల్దార్: ఒక్క నిమిషం. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి, అంటే ప్రభుత్వం ఉచితంగా కేటాయించిన భూమి, అమ్మకూడదు. కానీ మాజీ సైనికులు పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చని 1993లో జీవో ఇచ్చారు. కాబట్టి అమ్మడం తప్పు అనడానికి...

యాంకర్: అమ్ముకున్నారని మీరూ ఒప్పుకుంటున్నారు!

తహసీల్దార్: నేను చెప్పింది అది కాదండీ.

సుబేదార్: జీవో సంగతి నన్ను అడగండి. జీవో ఉంది, సర్వే నంబరేమో 22ఏ జాబితాలో, అదే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఉంది. రిజిస్ట్రార్ ఎన్‌ఓసీ, అభ్యంతరం లేదనే కాగితం, తెమ్మంటాడు. కలెక్టరాఫీసుకు పోతే తహసీల్దారు రిపోర్టు రాలేదంటారు. తహసీల్దారేమో ఫైలు పైకి పంపానంటాడు. బోర్డర్లో శత్రువు ఎటున్నాడో తెలుసు సార్, ఇక్కడ తెలీదు!

తహసీల్దార్: ఆఫీసుల్లో సర్వేయర్లు తక్కువ, అదీ...

సుబేదార్: నన్ను పూర్తి చేయనివ్వండి!

(ఇక్కడ సుబేదార్ చాలాసేపు మాట్లాడారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన మిలిటరీ మాధవరం ఊరి గురించి, 1965లో శాస్త్రిగారి ‘జై జవాన్ జై కిసాన్’ గురించి, క్యాంటీన్ సరుకుల ధరల గురించి. చర్చకు పనికొచ్చింది మొదటి రెండే, అదీ కొంతే.)

యాంకర్: అమ్మా, మీరు బీటెక్ చదివి సేద్యంలోకి వచ్చారు. సైనికుడికి ఇచ్చిన భూమి రియల్టర్ చేతికి పోతే మీకు బాధగా లేదా?

యువ కౌలు రైతు (పల్నాడు): సార్, నాకు సొంత భూమే లేదు. మూడెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేశా. కౌలు ముందే కట్టాలి. కౌలు కార్డు కావాలంటే 2019 చట్టం ప్రకారం యజమాని సంతకం ఉండాలి. ఆయన బెంగళూరులో ఉంటారు. ఫోన్ చేస్తే, ‘సంతకం పెడితే రేపు పొలం నాదంటావేమో’ అంటారు. కార్డు పదకొండు నెలలకే, హక్కు రాదని చెప్పినా నమ్మరు. కార్డు లేకపోతే బ్యాంకు పంట రుణమివ్వదు, నష్టపరిహారం యజమాని ఖాతాలో పడుతుంది. తెలంగాణలోనూ 2018లో రైతుబంధు పెట్టింది పాస్‌బుక్ ఉన్నవాళ్లకే. అగ్నిపథ్‌లో చేరిన అగ్నివీర్ ఊరికొచ్చినా నా పక్కన కౌలుకే నిలబడతాడు. నాలుగేళ్లయ్యాక ఆయన చేతికి వచ్చే డబ్బు, సేవానిధి...

యాంకర్: పదకొండు లక్షల డెబ్భై ఒక్క వేలు! తక్కువా?

యువ రైతు: మా వైపు దానికి ఎకరం కూడా రాదు సార్. పెట్టుబడికైతే సరిపోతుంది, కానీ ఒక్క ఏడాది నల్ల తామర పురుగు తగిలిందంటే...

తహసీల్దార్: ఇంకో సంగతి. అగ్నివీర్లకు మాజీ సైనికుల హోదా లేదు, పింఛనూ లేదు. ఇప్పుడున్న నిబంధనల్లో ఆ కోటా భూమి వాళ్లకు వర్తించదు. అసలు ఈ చర్చ...

యాంకర్: అది తర్వాత మాట్లాడుకుందాం. సుబేదార్ గారూ, పాయింట్ మళ్లీ అక్కడికే వచ్చింది. అమ్మకాలు ఆపితే సరిపోతుందా?

సుబేదార్: ఎందుకు ఆపాలి? ఎమ్మెల్యేలు ఎకరాలు అమ్ముకోవచ్చు, సిపాయి అమ్మకూడదా? భూమి ఇవ్వాల్సిందే, అగ్నివీర్లకూ ఇవ్వాల్సిందే! ముప్పై ఏడేళ్లకు ఇంటికొచ్చా నేను. వాళ్లు ఇరవై రెండుకే వస్తారు.

యువ రైతు: భూమి ఎక్కడుంది సార్? మిగిలింది కొండ వాలే అని మీరే అన్నారు. దానికన్నా కౌలు కార్డుకు సంతకం అక్కర్లేకుండా చేస్తే, మీ పిల్లలకూ మాకూ...

సుబేదార్: చూడమ్మా, నువ్వు నా కూతురు లాంటిదానివి. దేశం కోసం నిలబడినవాణ్ని కౌలు చేసుకోమంటావా?

యువ రైతు: కౌలు చేయడం చిన్నతనమా బాబాయ్?

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. తహసీల్దార్ కూడా ఏదో అన్నారు, ‘సాగు’ అన్న మాట ఒక్కటే వినిపించింది.)

యాంకర్: ఒక్కొక్కరు, ప్లీజ్! అమ్మా, ముప్పై సెకన్లు.

యువ రైతు: 2025లో మిర్చి పడిపోతే కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలని ధర ప్రకటించింది. యార్డులో నా బస్తాలో చెయ్యి పెట్టి, పిడికెడు తీసి, తాలు ఎక్కువ, తేమ ఎక్కువ అన్నారు. పక్క బస్తా విప్పనే లేదు. కొత్తగా వచ్చేవాడికి ముందు ఆ యార్డు గురించి...

సుబేదార్: యార్డు సంగతి కాదిప్పుడు. నా ఐదెకరాల సంగతి చెప్పండి!

యాంకర్: సుబేదార్ గారి ఆవేదనలో న్యాయముంది, సైనికుడి కన్నీళ్లకు ఎవరు జవాబిస్తారో ప్రభుత్వాలే చెప్పాలి. మన పోల్ ప్రశ్న: సైనిక భూముల అమ్మకాన్ని నిషేధించాలా? అవునంటే ఒకటి, కాదంటే రెండు.

తహసీల్దార్: ఆయన నిషేధం వద్దనే కదండీ ఇంతసేపూ...

యాంకర్: విరామం తర్వాత బంగారం ధరలు.