కడిగేసిన మట్టిలో వయసు
(చెన్నైలో తెలుగువారి నెలవారీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, సభలోని పెద్దలకు నమస్కారం. నన్ను పరిచయం చేసిన మిత్రుల మాటల్లో సగం అతిశయోక్తి. దాన్ని సరిదిద్దుతూ కూర్చుంటే నాకిచ్చిన అరగంట అయిపోతుంది.

ఇందాక మెట్ల దగ్గర ఒక పెద్దాయన నన్ను ఆపి, గుడ్డసంచిలోంచి అరచేయంత రాతి చేతిగొడ్డలిని తీసి చూపించారు. పూండి దగ్గర బంధువుల చేనుగట్టు తవ్వుతుంటే దొరికిందట. కుళాయి కింద కడిగి, కొబ్బరినూనె రాసి నిగనిగలాడేలా ఉంచారు. "దీని వయసెంతండీ?" అని అడిగారు. అది ఆదిమానవుడి పనిముట్టని చెప్పగలిగాను గానీ వయసు చెప్పలేకపోయాను. ఆ సంగతి చెప్పగలిగింది ఆయన కడిగేసిన మట్టి. ఈ ఒక్క బాధ వెళ్ళబోసుకోవడానికే నేను ఈ సభకు ఒప్పుకున్నాను.

బొగ్గు, ఎముక దొరికితే రేడియోకార్బన్ పద్ధతి ఉంది. అయితే అది దాదాపు 50,000 ఏళ్ళ దగ్గర ఆగిపోతుంది. అంతకు ముందరి కాలానికి మనకు ఎక్కువగా దిక్కు ఇసుకే. మట్టిలోని యురేనియం, థోరియం, పొటాషియం నుంచి వెలువడే వికిరణం క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాల ఇసుక రేణువుల్లోని ఎలక్ట్రాన్లను కదిలిస్తే, వాటిలో కొన్ని స్ఫటికం లోపాల్లో చిక్కుకుపోతాయి. గుడి హుండీలో ఏటా ఇంతని కానుక పడుతున్నట్టు అనుకోండి. రేణువుకు ఎండ బాగా తగిలితే ఆ హుండీ ఖాళీ అవుతుంది. మట్టి కింద కప్పబడిపోగానే మళ్ళీ నిండడం మొదలవుతుంది. ప్రయోగశాలలో రేణువు మీద కాంతి ప్రసరింపజేస్తే చిక్కుకున్న ఎలక్ట్రాన్లు విడుదలై చిన్న వెలుగునిస్తాయి. దాన్ని కొలిచి మొత్తం కానుక ఎంతో తేల్చి, ఏటా పడే కానుకతో భాగిస్తే ఆ రేణువు చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్ళయిందో తెలుస్తుంది. దీన్నే ల్యూమినెసెన్స్ పద్ధతి అంటారు. 1985లో కెనడా శాస్త్రవేత్త హంట్లీ బృందం దీనికి దారి వేసింది. ఏటా పడే కానుక లెక్కకు రేణువు ఒక్కటే చాలదు, చుట్టూ 30 సెంటీమీటర్ల మేర మట్టి స్వభావం, అందులోని తేమ కూడా తెలియాలి. అందుకే నేను మట్టి, మట్టి అని ఇంతగా మొత్తుకుంటున్నాను.

ఇక్కడ నా సొంత గోడు ఒకటి చెప్పుకోనివ్వండి. నా శిష్యులు దీన్ని వందసార్లు విన్నారు. ఒక తవ్వకపు గోడలో మూడు మీటర్ల లోతున ఇనుప గొట్టాన్ని సుత్తితో దిగగొట్టి, బయటికి లాగిన మరుక్షణం రెండు మూతలూ బిగించి, నల్లగుడ్డ చుట్టి, పైన "వెలుతురులో తెరవరాదు" అని మూడు భాషల్లో రాసి పార్సెల్‌లో పంపాను. ఆ కార్యాలయం పేరు చెప్పను. అక్కడి గుమాస్తా బరువు చూసి అనుమానపడి, కిటికీ పక్కన బల్ల మీద వార్తాపత్రిక పరచి గొట్టాన్ని దాని మీద బోర్లించాడు. "ఉత్త ఇసుకే కదా సార్" అని నాకు ఫోన్ చేసి మరీ చెప్పి, గింజ కూడా పోకుండా మళ్ళీ ఎత్తి పెట్టాడు! అతని శ్రద్ధను నేను ఇప్పటికీ తప్పుపట్టలేను. కాని ప్రయోగశాల ఎర్రదీపం కింద ఆ హుండీ తెరిచేసరికి చిల్లిగవ్వ లేదు. తిరిగి వెళ్ళి తీద్దామంటే, అప్పటికే ఆ గుంత పూడ్చి పైన పశువుల కొట్టం కట్టారు.

మన ఊరికి అరవై కిలోమీటర్ల దూరంలో, కొసస్తలైయారు పరీవాహకంలో అత్తిరంపాక్కం ఉంది. నగరి నీళ్ళు కూడా ఆ ఏటిలోకే చేరతాయి గనుక అది మనకూ పరాయిది కాదు. బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1863 మే 30న పల్లావరంలో రాతి పనిముట్టును గుర్తించాక, అదే సంవత్సరం అత్తిరంపాక్కం కూడా వెలుగులోకి వచ్చింది. చెన్నైకి చెందిన శాంతి పప్పు, కుమార్ అఖిలేశ్ ఏళ్ళ తరబడి అక్కడ పొరపొరా తవ్వారు. అక్కడి చేతిగొడ్డళ్ళ పొర దాదాపు 15 లక్షల ఏళ్ళనాటిదని 2011లో వేరే పద్ధతులు తేల్చాయి. పై పొరల్లో మాత్రం చేతిగొడ్డళ్ళు తగ్గిపోయి చిన్న పెచ్చుల పనిముట్లు వస్తాయి. ఆ మార్పు ఎప్పుడు జరిగిందో చెప్పాల్సింది ల్యూమినెసెన్సే. క్వార్ట్జ్ హుండీ లక్షా రెండు లక్షల ఏళ్ళలోపే నిండిపోతుంది కాబట్టి ఫెల్డ్‌స్పార్‌ను ఆశ్రయించారు. ఫెల్డ్‌స్పార్ హుండీ పెద్దదే గానీ కొంచెం కారుతుంది. ముందు ఒకసారి పరారుణ కాంతితో కారే భాగాన్ని తీసేసి, తర్వాత ఎక్కువ వేడిలో మళ్ళీ కొలిస్తే నిలకడైన భాగం చిక్కుతుంది. అలా 2018లో వచ్చిన జవాబు 3,85,000 ఏళ్ళు, అటూ ఇటూ 64,000. భారతదేశంలో ఈ మార్పు లక్షా పాతిక వేల ఏళ్ళ కిందటిదని అంతకుముందు అనుకునేవారు. మనిషి ఎముకలు దొరకలేదు కనుక ఆ పనిముట్లు చేసినవారు ఏ జాతి మనుషులో ఎవరూ చెప్పలేరు. వాళ్ళ కాళ్ళ కింది ఇసుక ఎప్పుడు చీకట్లోకి వెళ్ళిందో మాత్రం చెప్పగలం.

కర్నూలు సీమలోని జ్వాలాపురంలో ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతపు బూడిదకు కిందా పైనా పనిముట్లు దొరికిన కథ కూడా చెబుదామనుకున్నాను. గడియారం ఒప్పుకునేలా లేదు.

మూడో వరుసలో కూర్చున్న పెద్దాయనగారూ, మీ సంచి విషయానికి వస్తాను. వచ్చే నెల అదే గట్టు పక్కన మీ బంధువులు బావి తవ్విస్తున్నారని అన్నారు కదా. నాకు ఈ రాయి వద్దు. మరో రాయి కనబడితే పెకలించకుండా అలాగే వదిలేయమనండి, గోడ పూడ్చకముందే నాకు ఒక ఫోన్ చేయించండి. అనుమతి కాగితాలూ, ఇనుప గొట్టమూ, సుత్తీ పట్టుకుని వస్తాను. ఈసారి గొట్టాన్ని పార్సెల్‌లో వేయను, ఒళ్ళో పెట్టుకుని రైల్లో నేనే తీసుకెళ్తాను.