నడిమింట్లోకి వెలుతురు

శ్రోతలకు నమస్కారం.

మార్గశిర మాసం, ఉదయం పది గంటల వేళ. వీధిలో ఎండ కాస్తున్నది, పెరట్లో ఎండ కాస్తున్నది. ఆ రెండింటికీ నడుమ ఉన్న గదిలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరాలంటే మాత్రం మా అమ్మకు బల్బు వేయాలి. ఒడిశాలోని పర్లాకిమిడిలోనూ, ఆంధ్ర సరిహద్దు దాటితే వచ్చే పాతపట్నంలోనూ, బరంపురం పాత వీధుల్లోనూ పుట్టి పెరిగినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనవసరం లేదు. మన పాత ఇళ్లు వీధివైపు ఇరుకుగాను, లోపలికి పొడుగుగాను ఉంటాయి. ఇరుపక్కలా పొరుగువారితో ఉమ్మడి గోడలు. ముందు గది, దాని వెనుక నడిమిల్లు, ఆ వెనుక వంటిల్లు, ఆపైన పెరడు, అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. పక్క గోడలకు కిటికీ పెట్టే వీలు లేదు కాబట్టి వెలుతురు ఈ చివర నుంచో ఆ చివర నుంచో రావాలి. చలికి జడిసి ఆ రెండు తలుపులూ మూసుకున్నామంటే నడిమిల్లు పట్టపగలే దీపాలవేళకు చేరుకుంటుంది.

చలికాలంలో పొద్దు చిన్నది కాబట్టి ఇల్లు చీకటిగా ఉంటుందని మనం సరిపెట్టుకుంటాము. ఆకాశం మీద వేసే ఈ నింద నిలవదు. మన ప్రాంతంలో ఏడాదిలోకెల్లా చిన్న పగలు కూడా సుమారు 11 గంటలు ఉంటుంది. నార్వే రాజధాని ఓస్లోలో డిసెంబరు మూడవ వారపు పగలు 6 గంటలైనా ఉండదు. చలికాలపు చీకటి గురించి అక్కడివారు దిగులు పడ్డారంటే అర్థమున్నది. మనకు వానలు వెనుదిరిగాక డిసెంబరు, జనవరి నెలల్లో చాలా రోజులు ఆకాశం నిర్మలంగానే ఉంటుంది. తెల్లవారుజామున కొండల మీద నుంచి దిగే మంచు కూడా పొద్దెక్కేసరికి విడిపోతుంది. ఇక్కడొక చిన్న విశేషం చెప్పుకోవాలి. అందరూ అనుకునేటట్లు డిసెంబరు 21, 22 తేదీల్లో సూర్యుడు అన్నిటికన్నా ముందుగా అస్తమించడు. మనకు అతి తొందరగా పొద్దు గుంకేది నవంబరు చివరి వారంలో, సాయంత్రం 5 గంటల 15 నిమిషాల ప్రాంతంలో. అతి ఆలస్యంగా తెల్లవారేది జనవరి మూడవ వారంలో. కనుక సంక్రాంతి పండుగ నాటికి సాయంత్రాలు అప్పటికే సాగడం మొదలుపెట్టి ఉంటాయి, ఉదయాలు మాత్రం ఇంకా బద్ధకిస్తూనే ఉంటాయి.

బయట ఇంత వెలుతురు ఉన్నప్పుడు అది లోపలికి ఎందుకు రావడం లేదో, వచ్చినది ఎక్కడ పోతున్నదో చూడవలసి ఉంటుంది. ముందుగా సూర్యుడు నిలబడే చోటు సంగతి. మే నెల నడుమ నుంచి జూలై చివరి వరకు మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మన నెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, ఆ రోజుల్లో దక్షిణపు కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ లోపలికి రాదు. డిసెంబరు వచ్చేసరికి అదే సూర్యుడు దక్షిణానికి దిగి, దిక్చక్రం నుంచి 48 డిగ్రీల ఎత్తులో, అంటే ఆకాశంలో సగానికి కొంచెం పైగా నిలబడతాడు. నేల నుంచి 7 అడుగుల ఎత్తున పై అంచు ఉన్న దక్షిణపు కిటికీకి అడ్డేమీ లేకపోతే, ఆ మధ్యాహ్నపు ఎండ 6 అడుగులకు పైగా గదిలోకి వచ్చి నేల మీద పడుతుంది. ఎండాకాలంలో రాకుండా, చలికాలంలో పిలవకుండానే లోపలికి వచ్చే ఈ చుట్టాన్ని నేను స్వయంగా గుమ్మంలోనే ఆపివేసిన వైనం చెబుతాను.

మా పెరడు దక్షిణం వైపు ఉన్నది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు వానజల్లు వంటింటి కిటికీలోంచి పొయ్యిగట్టు దాకా కొట్టింది. ఆ భయంతో మరుసటి నెలలోనే కిటికీ పైన 4 అడుగుల వెడల్పున రేకుల చూరు వేయించాను. పని ముగిసిన నాటి సాయంత్రం ఎంతో తృప్తిపడ్డాను. డిసెంబరులో అమ్మ వంటింట్లో పగలే లైటు వేయడం మొదలుపెట్టినా నాకు కారణం తోచలేదు. వంటింటి గుమ్మం మీదుగా నడిమింట్లోకి వచ్చే కాస్త వెలుతురు కూడా పోయాక గాని లెక్క చూసుకోలేదు. చూరు 4 అడుగులు ముందుకు వస్తే, 48 డిగ్రీల ఎత్తున ఉన్న సూర్యుడికి దాని నీడ గోడ మీద దాదాపు నాలుగున్నర అడుగులు కిందికి దిగుతుంది. మా కిటికీ ఎత్తే 4 అడుగులు! మర్నాడే మనిషిని పిలిపించి చూరును 2 అడుగులకు కత్తిరించమన్నాను. నీడ ఇప్పుడు కిటికీ సగం దాకా దిగి ఆగుతుంది, కింది సగం ఎండను లోపలికి వదులుతుంది. ఎండాకాలపు మధ్యాహ్నం ఎండను ఆపడానికి ఆ 2 అడుగులు చాలు. జల్లు కొట్టిన నాడు రెక్క మూసుకుంటాము. మీ ఇంట్లో దక్షిణం వైపు రేకుల పందిరి గాని, కిందికి వాలిన మామిడికొమ్మ గాని, తాళ్ల మీద నెలల తరబడి వేలాడే దుప్పట్లు గాని ఉంటే, ఒక మధ్యాహ్నం పన్నెండు గంటల వేళ వాటి నీడ ఎక్కడ పడుతున్నదో ఒక్కసారి చూడండి.

ఇక నడిమిల్లు. కిటికీ అయినా గుమ్మమైనా, దాని పై అంచు నేల నుంచి ఎంత ఎత్తున ఉంటే సుమారు దానికి రెండింతల దూరం వరకే పనికివచ్చే వెలుతురు లోపలికి వస్తుందన్నది ఇళ్లు కట్టేవారి ఉజ్జాయింపు లెక్క. ఆరడుగుల గుమ్మం పన్నెండు అడుగుల వరకు వెలుగునిస్తుంది, అక్కడికే ముందు గది అయిపోతుంది. అందువల్ల ఎత్తున ఉన్న ప్రతి జానెడు సందుకూ విలువ ఎక్కువ. లోపలి గుమ్మాల మీద మన పెద్దలు పెట్టించిన వెంటిలేటర్లకు దోమల పేరు చెప్పి అట్టముక్కలు మేకులు కొట్టి బిగించిన ఇళ్లు నేను ఎన్నో చూశాను. ఆ అట్ట తీసి అంతే కొలతకు గాజుపలక బిగిస్తే దోమా రాదు, చలీ రాదు, వెలుతురు ఒక గది దాటి రెండవ గదిలోకి అడుగుపెడుతుంది.

పెంకుటిల్లయితే ఇంతకన్నా మంచి మార్గమున్నది. బెంగుళూరు పెంకు ఆకారంలోనే గాజు పెంకులు దొరుకుతాయి. వాటి అంచులు మిగతా పెంకులతో సరిగ్గా కూర్చుంటాయి కాబట్టి ఒక పెంకు తీసి ఆ స్థానంలో గాజుది పెట్టడం గంటసేపు పని. కప్పులోంచి దిగే వెలుతురుకు పైనున్న ఆకాశమంతా ఆధారం, అందువల్ల చిన్న సందైనా అదే కొలత గల పక్క కిటికీ కన్నా ఎక్కువ వెలుగునిస్తుంది. నేను ఉత్సాహం పట్టలేక ఎనిమిది పెంకులు మార్చమంటే, కప్పు మీద కూర్చున్న మేస్త్రి నవ్వి, “మూడు చాలు బాబూ. ఎనిమిదేస్తే మే నెలలో అమ్మగారు ఇక్కడ కూర్చోలేరు” అన్నాడు. అతని మాట విన్నందుకు సంతోషిస్తున్నాను. ఆ మూడూ దక్షిణపు వాలులో ఉన్నాయి, చలికాలంలో ఎండ నేరుగా దిగుతుంది. ఏప్రిల్ రాగానే వాటి మీద తాటాకు కప్పుతాము. ఏడాదికొకసారి కాకిరెట్టలు, నాచు కడగాలి. కడిగే మనిషి గాజు పెంకు మీద కాలు మోపకుండా పెంకుల మీద అడ్డంగా పలక వేసుకుని దాని మీదే కూర్చోవాలి.

లోపలికి వచ్చిన వెలుతురును గోడలు ఏం చేస్తున్నాయన్నది నా ఉద్దేశంలో అసలైన ప్రశ్న, మనం చాలా తక్కువగా ఆలోచించే ప్రశ్న కూడా ఇదే. కొత్తగా వేసిన తెల్ల సున్నం తన మీద పడిన వెలుతురులో నూటికి సుమారు 80 పాళ్లు తిరిగి గదిలోకి పంపుతుంది. ముదురు రంగు గోడ 40 పాళ్లు పంపిందనుకుందాము. కిటికీ నుంచి గది మూలకు చేరేలోగా వెలుతురు మూడుసార్లు గోడకు తగిలిందంటే, తెల్ల గోడల మధ్య నూటికి 51 పాళ్లు మిగులుతాయి, ముదురు గోడల మధ్య 6 పాళ్లు మాత్రమే మిగులుతాయి. అవే కిటికీలు, అదే సూర్యుడు, మూలలో మాత్రం ఎనిమిది రెట్ల తేడా. కట్టెలపొయ్యి మసి పట్టిన కప్పు సంగతి ఇక వేరుగా చెప్పాలా? చీకటి గదికి కాఫీ రంగో, ముదురు ఆకుపచ్చో వేయించి, ఆ పైన ఖరీదైన దీపాలు కొనేవారిని చూస్తే చిల్లికుండలో నీళ్లు పోస్తున్నట్లు అనిపిస్తుంది.

సున్నం గురించి రెండు మాటలు. రాయి సున్నమైనా గుల్ల సున్నమైనా నీళ్లలో వేయగానే కుతకుత ఉడుకుతుంది, కనుక పిల్లలను దూరంగా ఉంచి, కళ్లకు చింది పడకుండా చూసుకోవాలి. రాత్రంతా నాననిచ్చి, బట్టలో వడగట్టి, తుమ్మజిగురు నీరు కలిపితే గోడకు రాసుకున్నప్పుడు చేతికి అంటదు. నీలిమందు చిటికెడు చాలు, పసుపుదనాన్ని మరుగుపరుస్తుంది. తెల్లదనం పెరుగుతుందని గుప్పెడు కలిపితే గోడ వెలుతురును తినడం మొదలుపెడుతుంది. వేసేటప్పుడు పల్చగా, గోడ కనిపించేటట్లుగా ఉంటుంది. చాలలేదని ఆ తడి మీదే మరో పూత వేయకండి. ఆరుతున్నకొద్దీ తెల్లబడుతుంది, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని గట్టిపడుతుంది. గోడలకన్నా ముందు కప్పుకు వేయించండి. కిటికీ నుంచి నేల మీద పడిన ఎండ పైకి తిరిగి కప్పుకే తగులుతుంది, అక్కడి నుంచే గదంతా పరుచుకుంటుంది.

మన సరిహద్దులో ఈ పనికి కాలం కూడా కలిసివస్తుంది. గురువారాన్ని మనం లక్ష్మివారమని అంటాము. మార్గశిర లక్ష్మివారాలలో ఇక్కడి ఒడియా ఇళ్లలోను, తెలుగు ఇళ్లలోను ఇల్లు కడిగి లక్ష్మిని పూజిస్తారు. ఒడియా ఇల్లాళ్లు బియ్యప్పిండిని నీళ్లలో కలిపి, గుమ్మం నుంచి దేవుడి గూటి దాకా నేల మీద, గోడల మీద తెల్లని ఝోటి వేస్తారు, చిన్ని చిన్ని లక్ష్మీపాదాలు దిద్దుతారు. మా పొరుగింటి వారి ఎర్రగచ్చు మీద ఆ తెల్లని గీతలు ఆరుతుంటే, చీకటి నడవలో అవి మాత్రమే దారి చూపుతున్నట్లుండడం నాకు చిన్ననాటి నుంచి జ్ఞాపకం.

ఎర్రగచ్చు అన్నాను కాబట్టి నేల సంగతి. కిందటేడు పుష్యమాసంలో అమ్మ వంటింటి వెనుక వసారాలో, ఎండ పడుతున్న చోట నాన్నగారి పాత పంచె పరిచి మినపవడియాలు పెట్టింది. నేను నడిమింట్లో పత్రిక చదువుతూ, మబ్బు విడిపోయినట్లు గది ఒక్కసారిగా తేటపడడం గమనించి తల ఎత్తాను. వసారా కప్పు వెలుగుతున్నది, ఆ వెలుగు గుమ్మంలోంచి లోపలికి పడుతున్నది. తెల్ల పంచె మీద వడియాల నీడలు వరసలుగా కనిపిస్తున్నాయి. మధ్యాహ్నం ఆమె వడియాలెత్తి పంచె దులిపి తీయగానే గది మళ్లీ మసకబారింది. అప్పటి నుంచి చలికాలమంతా అక్కడ ఒక లేతరంగు చాప పడి ఉంటుంది. అద్దం పెట్టినా ఇటువంటి పనే చేస్తుంది గాని, అద్దం వెలుతురును ఒకేచోట గుచ్చి కళ్లకు కొడుతుంది. తెల్లని చాప, తెల్లని గోడ నలుదిక్కులా మెత్తగా పంచుతాయి. కిటికీలో పేర్చిన డబ్బాలు, దుమ్ము పట్టిన దోమలవల, మందపు తెరలు, వీటి గురించి నేను చెప్పనక్కరలేదు, పండుగ పనుల్లో మీరే తీస్తారు.

కొండవాలు ఊళ్లలో రేకు కప్పు ఉన్న గదులకు గాజు పెంకు కుదరదు. బ్రెజిల్ దేశంలో ఆల్ఫ్రెడో మోజర్ అనే మెకానిక్ 2002లో దానికి తేలికైన ఉపాయం కనిపెట్టాడు. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలో శుభ్రమైన నీళ్లు పోసి, నాచు పట్టకుండా కాస్త బ్లీచింగ్ ద్రవం కలిపి, మూత బిగించి, రేకుకు చేసిన రంధ్రంలో కొంత పైకి, మిగతాది గదిలోకి ఉండేటట్లు దించి, చుట్టూ నీరు కారకుండా జిగురు పూయాలి. ఎండలో అది ఒక మామూలు పాతకాలపు బల్బంత వెలుగునిస్తుంది. పొద్దు గుంకితే అదీ ఆరిపోతుంది.

పొద్దు గుంకాక ఎటూ దీపమే దిక్కు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పాత 60 వాట్ల బల్బుకు సాటి వస్తుంది కాబట్టి కరెంటు ఖర్చు గురించి వెనుకాడనవసరం లేదు, బల్బు రంగు మాత్రం చూసి కొనాలి. పెట్టె మీద 6500 కెల్విన్ అని ఉంటే నీలివన్నె తెలుపు, 2700 గాని 3000 గాని ఉంటే దీపపు వన్నె. నేను మొదటిసారి 6500 తెచ్చి బిగిస్తే అమ్మ చుట్టూ చూసి, “ఏంట్రా, ఆసుపత్రి వరండాలో కూర్చోబెట్టావు” అన్నది. పైగా నీలం పాలు ఎక్కువగా ఉన్న వెలుతురు రాత్రి నిద్రను వెనక్కి నెడుతుంది. ఇప్పుడు వంటగట్టు మీద మాత్రమే ఆ తెల్లబల్బు ఉన్నది. అది కూడా వంట చేసే మనిషికి ఎదుటి గోడ మీద ఉన్నది, ఎందుకంటే వీపు వెనుక ఉంటే కూర తరిగే చేతి మీద తన నీడే పడుతుంది. నడిమింట్లో నడుమ వేలాడే ఒక్క బల్బు తీసివేసి, రెండు చిన్న దీపపు వన్నె బల్బులను తెల్ల గోడకు అభిముఖంగా పెట్టాము. బల్బు కంటికి కనిపించదు, గోడే వెలుగుతుంది.

సంక్రాంతికి వెల్ల వేయించదలచినవారు భోగికి కనీసం వారం రోజుల ముందే పని మొదలుపెట్టండి. చలికి గోడలు ఆలస్యంగా ఆరుతాయి, పైగా ఆ వారంలో మన ఊళ్లలో నిచ్చెన అరువు దొరకదు.

నమస్కారం.