రస్టీ కేజ్: సౌండ్‌గార్డెన్ పాట జానీ క్యాష్ గొంతులో

అందరికీ నమస్కారం. అమెరికన్ కంట్రీ (అక్కడి పల్లె పాటల నుంచి పుట్టిన సంగీతం) గాయకుడు జానీ క్యాష్ పాడిన రాక్ పాట అనగానే చాలామందికి 2002లో వచ్చిన "హర్ట్" గుర్తొస్తుంది. నాకు మాత్రం అంతకు ఆరేళ్ల ముందు పాడిన "రస్టీ కేజ్" (అంటే తుప్పు పట్టిన బోను) ఇంకా ఇష్టం. ఈ వీడియో మొత్తం దాని గురించే.

ముందు ఒరిజినల్. సియాటిల్ బ్యాండ్ సౌండ్‌గార్డెన్ 1991లో తెచ్చిన "బ్యాడ్‌మోటర్‌ఫింగర్" ఆల్బమ్‌లో మొదటి పాట ఇది. రాసి పాడింది క్రిస్ కార్నెల్. గిటార్‌లో లావు తీగను మామూలు ఇ స్వరం నుంచి కిందున్న బి స్వరం దాకా దించారు. గిటారిస్ట్ కిమ్ తాయిల్ (వాళ్ల అమ్మానాన్నలది కేరళ) వా పెడల్‌ని (కాలితో ఊపుతూ గిటార్ శబ్దాన్ని మార్చే పరికరం) ఊపకుండా ఒకేచోట ఉంచి వాయించాడు. అందుకే రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) అలా గొంతు నొక్కినట్టు వినిపిస్తుంది. పాటంతా పరుగే. చివర్లో హఠాత్తుగా వేగం పడిపోయి, తాళం మారి, బరువెక్కుతుంది. అక్కడ నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. కాకపోతే, ఎప్పుడు విన్నా చెవి రిఫ్ వెంటే పోతుంది, మాటలు వెనకబడిపోతాయి.

ఆ మాటల్ని ముందుకు తెచ్చింది క్యాష్.

1986లో కొలంబియా రికార్డ్స్ ఆయన్ని వదులుకుంది. కంట్రీ రేడియో కూడా పట్టించుకోవడం మానేసింది. అలాంటి టైమ్‌లో ర్యాప్, మెటల్ ఆల్బమ్స్ చేసే నిర్మాత రిక్ రూబిన్ వచ్చి ఆయనతో పని మొదలుపెట్టాడు. రూబిన్ ఈ పాట వినిపిస్తే, ఇది నేను పాడటమేంటి అనుకున్నాడట క్యాష్. క్యాష్ పాడే తీరులోనే ఒక డెమో (నమూనా రికార్డింగ్) చేయించి వినిపించాకే ఒప్పుకున్నాడు. 1996లో "అన్‌చెయిన్డ్" ఆల్బమ్‌లో వచ్చింది. వెనక వాయించింది టామ్ పెట్టీ అండ్ ది హార్ట్‌బ్రేకర్స్.

ఇప్పుడు మొదలు వినండి. ఒక అకౌస్టిక్ గిటార్, ఆ మంద్రస్థాయి గొంతు. బోను విరగ్గొట్టుకుని పారిపోతాను అనే మాట కార్నెల్ నోట ఆవేశంగా వస్తుంది. అరవై దాటిన క్యాష్ అదే మాట అంటే, ఎప్పుడో తేల్చుకున్న విషయం ఇప్పుడు మనకి చెప్తున్నట్టుంది. ఫోల్సమ్, శాన్ క్వెంటిన్ జైళ్లలో ఖైదీల ఎదురుగా నిలబడి పాడిన మనిషి కదా, బోను అనే మాటకి ఆయన నోట వేరే బరువు వస్తుంది. ఆ తర్వాత బ్యాండ్ అందుకుని మెల్లగా పెంచుకుంటూ పోతుంది. గొంతు మాత్రం తొణకదు. బ్యాండ్ ఎంత ఎగిరినా ఆయన అరవకపోవడమే ఈ కవర్‌కి (అంటే వేరేవాళ్ల పాటను మళ్లీ పాడటం) ప్రాణం.

ఒక్క లోటు చెప్పాలి. ఒరిజినల్ చివర్లో వచ్చే ఆ కుదుపు ఇక్కడ అంత గట్టిగా తగలదు. దానికోసం సౌండ్‌గార్డెన్ దగ్గరికే వెళ్లాలి.

రేడియో పట్టించుకోకపోయినా "అన్‌చెయిన్డ్"కి ఉత్తమ కంట్రీ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. నాకు ఇంకా నచ్చే సంగతి వేరే ఉంది. క్యాష్ రాసిపెట్టుకున్న కవితలకు వేరే గాయకులు బాణీలు కట్టిన "ఫరెవర్ వర్డ్స్" అనే ఆల్బమ్ 2018లో వచ్చింది. అందులో "యూ నెవర్ న్యూ మై మైండ్" పాడింది కార్నెల్. అది విడుదలయ్యే ముందు ఏడాదే ఆయన చనిపోయాడు. ముందు రెండు "రస్టీ కేజ్"లు, వెంటనే ఈ పాట, ఇదే వరసలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.