ఆకాశంలో ఈము: బొమ్మ చూస్తే చాలదు, నెల మార్చి చూడండి

నమస్తే. ఒక మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. "ఆదివాసుల ఖగోళ శాస్త్రమా? అవన్నీ కథలే కదా!" అలా అనేవాళ్లలో చాలామంది ఎక్కడో ఒక బొమ్మ చూసి, కింద నాలుగు లైన్లు చదివి ఆగిపోయినవాళ్లే. కథ ఒక సైట్‌లో, ఆకాశం ఇంకో చోట ఉంటే అంతకంటే ఏం అర్థమవుతుంది? అందుకే ఇవాళ ఆస్ట్రేలియా ఆదివాసుల ఈము కథ, వాళ్ల ఆకాశం, రెండూ పక్కపక్కన తెరుద్దాం. అన్నీ ఉచితమే.

[స్క్రీన్ మీద స్టెల్లేరియం]

ఇది స్టెల్లేరియం, ఏ చోటి ఆకాశాన్నైనా కంప్యూటర్‌లో చూపించే సాఫ్ట్‌వేర్. 'సి' నొక్కితే గీతలతో కలిపిన నక్షత్ర మండలాలు వస్తాయి. అంతర్జాతీయ ఖగోళ సంఘం వాటి జాబితా ఖాయం చేసింది 1922లో, మొత్తం 88. సరిహద్దులు అచ్చయింది 1930లో. ఆకాశం ఆ హద్దులతో పుట్టలేదండీ, అవి మీటింగుల్లో తేలినవి.

ఇప్పుడు ఎఫ్4 నొక్కండి. 'స్కై కల్చర్' అనే ట్యాబ్ ఉంటుంది, ఎవరి ఆకాశం కావాలో అక్కడ ఎంచుకోవచ్చు. పాత వెర్షన్లలో దాని పేరు 'స్టార్‌లోర్'. అందులో కమిలరోయ్, యువాలయి ఎంచుకోండి. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ ఉత్తర భాగపు ఆదివాసీ ప్రజలు వీళ్లు. ఎఫ్6 నొక్కి మ్యాప్ మీద ఆ ప్రాంతానికే వెళ్లండి. ఈ పని చాలామంది వదిలేస్తారు. ఉన్నచోటనే కూర్చుని ఆస్ట్రేలియా ఆకాశం వెతికితే సగం దిక్చక్రం కిందే ఉండిపోతుంది, ఆ తర్వాత యాప్ బాగాలేదని ఒక స్టార్ రేటింగ్!

ఇంకో రెండు సెట్టింగులు. పాలపుంత వెలుగు పెంచండి, కాంతి కాలుష్యం తగ్గించండి. ఎందుకంటే మనం చూడబోయే ఈము నక్షత్రాలతో చేసింది కాదు, చీకటితో చేసింది.

[సదరన్ క్రాస్ దగ్గరికి జూమ్]

ఇది సదరన్ క్రాస్, దక్షిణాకాశంలో శిలువ ఆకారపు నక్షత్ర మండలం. దాని పక్కనే నల్లటి మచ్చ ఉంది చూశారా? అది కోల్‌శాక్, వెనకున్న నక్షత్రాల వెలుగును అడ్డుకునే ధూళి మేఘం. అదే ఈము తల. అక్కడి నుంచి ఆల్ఫా, బీటా సెంటారీ అనే రెండు నక్షత్రాల మీదుగా పోయే నల్లటి చార మెడ. వృశ్చికం వైపు వెడల్పయిన చీకటి ఒళ్లు. ఒకసారి కనిపించిందంటే ఇక చూడకుండా ఉండలేరు.

అందరూ ఆగిపోయేది ఇక్కడే. "ఓహో, ఈము, బాగుంది" అనేసి మూసేస్తారు. క్యాలెండర్‌లో ఒక్క పేజీ చించి గోడకు తగిలించి, పండగలన్నీ ఏవీ అని అడిగినట్టుంటుంది అది. మిగతా పేజీలు కూడా తిప్పాలి కదా!

ఎఫ్5 నొక్కి తేదీ మార్చండి. మే మూడో వారం, రాత్రి 8 గంటలు. ఆగ్నేయం వైపు చూడండి. మెడ సాచి, కాళ్లు వెనక్కి పెట్టి పరిగెత్తుతోంది. నేల మీద ఆడ ఈములు మగవాటిని తరిమే కాలం, గుడ్లు పెట్టే కాలం అదే. ఇప్పుడు గంట ముట్టుకోకుండా నెల ఒక్కటే మార్చండి. జూలై. ఈము నడినెత్తికి ఎక్కింది. ఇప్పుడు కాళ్లు కనిపించవని, అది గూట్లో కూర్చున్న మగ పక్షి అని అక్కడి పెద్దలు చెబుతారు. నిజంగానే ఈముల్లో పొదిగేది తండ్రి, దాదాపు 8 వారాలు. ఈము గుడ్లు ఏరుకోవడానికి వెళ్లే రోజులేవో తల పైకెత్తితే తెలిసిపోతుంది.

ఇందులో మంత్రం లేదు. నక్షత్రాలు రోజుకు దాదాపు 4 నిమిషాలు ముందే ఉదయిస్తాయి, అంటే నెలకు 2 గంటలు. అదే గంటకు చూస్తే నెలనెలా ఈము భంగిమ మారుతుంది. భంగిమ చూసి నెల చెప్పడం కథ ఎలా అవుతుంది? పరిశీలన అది. ఈ ఈము మీద ఆ పెద్దల మాటల ఆధారంగా 2014లో ఒక పరిశోధన వ్యాసం వచ్చింది. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో కాదు, సైన్స్ వ్యాసాలు పెట్టే ఆర్‌ఎక్సివ్‌లో (arxiv.org) ఈము, కమిలరోయ్ అని ఇంగ్లీషులో కొట్టండి, ఉచితంగా దొరుకుతుంది.

సిడ్నీకి ఉత్తరాన కు-రింగ్-గై చేజ్ నేషనల్ పార్కులో రాతి మీద చెక్కిన ఈము ఒకటి ఉంది. దాని కాళ్లు కూడా నడిచే పక్షి కాళ్లలా లేవు, వెనక్కి సాగి ఉన్నాయి. ఏడాదిలో కొన్ని రాత్రులు ఆకాశంలో ఈము సరిగ్గా దాని పైన, అదే భంగిమలో నిలుస్తుంది. ఇది కావాలనే చేశారని కొందరు పరిశోధకులు అంటారు. నేను వాళ్ల పక్షమే, కానీ చెక్కినవాళ్లు రాసిపెట్టిన రుజువు ఏదీ లేదని కూడా గుర్తుంచుకోండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా.

స్కై కల్చర్‌లోనే బూరాంగ్ కూడా ఉంది. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రపు బూరాంగ్ ప్రజల నక్షత్రాలను స్టాన్‌బ్రిడ్జ్ అనే ఆయన రాసి, 1857లో ఒక సభలో చదివాడు. ఆ జాబితాలో ఆడ కాకిగా చెప్పిన ప్రకాశవంతమైన ఎర్ర నక్షత్రం ఈటా కెరీనే అని 2010లో ఇద్దరు పరిశోధకులు గుర్తించారు. ఇవాళ అది చాలా మసక. 1843లో మాత్రం పేలుళ్ల వల్ల రాత్రి ఆకాశంలో అన్నిటికంటే ప్రకాశవంతమైన నక్షత్రం సిరియస్ తర్వాత అదే. అంటే బూరాంగ్ వాళ్లు కొత్తగా వెలిగిన నక్షత్రాన్ని గమనించి, తమ ఆకాశంలో చోటిచ్చారు. ఇది విన్నాక కూడా "కథలే కదా" అంటారా?

పాత వార్తాపత్రికలకు ట్రోవ్ అనే సైట్, ఆస్ట్రేలియా నేషనల్ లైబ్రరీది. ఏ నేల ఎవరిదో తెలియాలంటే నేటివ్ ల్యాండ్ మ్యాప్, అయితే అందులోని హద్దులు కోర్టు పత్రాలు కావని వాళ్లే చెబుతారు. ప్రపంచం మొత్తానికి యునెస్కో, అంతర్జాతీయ ఖగోళ సంఘం కలిసి నడిపే ఖగోళ వారసత్వ పోర్టల్.

ఆస్ట్రేలియా ఆదివాసుల విషయాలున్న సైట్లు తెరిస్తే చాలాచోట్ల "చనిపోయినవారి ఫొటోలు ఉండవచ్చు" అని హెచ్చరిక వస్తుంది, కంగారుపడకండి. కొన్ని పేజీలు అసలు తెరుచుకోవు. అవి సమాజంలో అర్హత ఉన్నవాళ్లకే చెప్పే విషయాలు. ముకుర్తు అనే సాఫ్ట్‌వేర్‌ను ఇలా ఎవరికి ఏది చూపించాలో ఆ సమాజమే నిర్ణయించుకునేలా తయారుచేశారు. స్క్రీన్‌షాట్లు తీసి తిప్పకండి. తెరుచుకున్నవే ఏళ్లకు సరిపడా ఉన్నాయి.